ఎడమ నుంచి మూడో ఇటుక

ఆకలైనప్పుడు తినేది మృగం. టేబుల్ దొరికినప్పుడు తినేవాడు మనిషి. ఈ చిన్న తేడా కనిపెట్టడానికి మానవజాతికి కొన్ని వేల ఏళ్లు పట్టింది. నేను ఏడో తరగతిలో బడి మానేశాను కాబట్టి నాకు ఇంకొంచెం ఎక్కువ పట్టింది. యాభై రెండో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇటాలియన్ రెస్టారెంట్ తలుపు ముందు ఆరు వారాల కిందటి బుకింగు పట్టుకుని నిలబడ్డాక గానీ నేను మనిషిని కాలేదు.

ముందుగా ఒక సవరణ. దాన్ని రెస్టారెంట్ అనకూడదు. హోటల్ అంటే తలుపే తీయరు. 'భోజనానుభవ కేంద్రం' అనాలి. అక్కడ వంట చేయరు, రుచులను పరిచయం చేస్తారు. ఇటలీ, జపాన్, మెక్సికో, ఈ మూడు దేశాల వంటలనూ ఒకే పళ్లెంలోకి తెచ్చామనీ, దీన్ని ఫ్యూజన్ అంటారనీ గోడ మీద రాసి ఉంది. ముగ్గురు తోడికోడళ్లను ఒకే పొయ్యి ముందు నిలబెట్టి, వాళ్ల మధ్య మాటల్లేవన్న సంగతి చుట్టాలకు తెలియకుండా వడ్డించేయడం అన్నమాట.

ఆ పొయ్యి కట్టింది నేను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఈ కథకు అవసరం పడింది. బేకరీ పొయ్యిలూ పొగగొట్టాలూ కట్టడం నా వృత్తి. బడి మానేసిన మర్నాడు మా మేనమామ నన్ను మట్టి కలపడానికి తీసుకెళ్లాడు. ఇప్పటికీ అదే కలుపుతున్నాను. రెండేళ్ల కిందట ఈ కేంద్రానికి ఇంకా తలుపులు బిగించక ముందే, నలభై రోజులు గొంతుక్కూర్చుని ఆ గుమ్మటం లేపాను. ఇటుకలు, పడగొట్టిన సబ్బుల ఫ్యాక్టరీ బాయిలర్ నుంచి ఏరి తెచ్చినవి. బాగా కాలిన సరుకు. మొదటి వారం పిజ్జాలు కొంచెం సబ్బు వాసన వేశాయట. (దాన్ని 'పూల పరిమళం' అని మెనూలో చేర్చారు. వాసన పోయింది, మాట మాత్రం అక్కడే ఉంది.)

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేయాలి. మా మేనమామ కట్టిన ప్రతి పొయ్యిలోనూ ఒక ఇటుక మట్టి పెట్టకుండా వట్టిగా కూర్చోబెట్టేవాడు. నేనూ అంతే. పొయ్యి నోటి పైన కమాను ఉంటుంది, కమాను పైన ఒక వరుస ఇటుకలు ఉంటాయి, ఆ వరుసలో ఒకటి. దాని వెనకే పొగగొట్టం వంపు. ఏడాదికో రెండేళ్లకో అక్కడ మసి గడ్డ కట్టి పొగ వెనక్కి తంతుంది. అప్పుడు ఆ ఇటుక లాగి, కొక్కెంతో మసి దింపి, మళ్లీ పెట్టేస్తే సరి. పావుగంట పని. ఏ ఇటుకో మాత్రం యజమానికి చెప్పకూడదు. "ఒక్క ఇటుక మన గుప్పిట్లో ఉంచుకోరా. లేకపోతే మళ్లీ మన మొహం ఎవడు చూస్తాడు," అనేవాడు మామ. ఇది మోసం కాదు. పెద్ద కంపెనీలు చేస్తే దీన్ని సర్వీస్ ఒప్పందం అంటారు.

ఇక మా ఆవిడ. ఆమె బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. జిప్పులు మార్చడం, పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, ఒళ్లు చేసినవాళ్లకు కుట్లు వదలడం. కొలతల మనిషి. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో మేమిద్దరం ఇంటి బయట భోజనానికి కూర్చున్నది ఆరుసార్లనీ, ఆరుసార్లూ నేను మధ్యలో లేచిపోయాననీ ఆమె దగ్గర కొలత ఉంది. ఒకసారి బేకరీ కమాను కుంగింది. ఒకసారి ఎవరిదో పొగగొట్టంలో పిట్టగూడు అంటుకుంది. వాళ్ల అక్క ఇచ్చిన విందులో అయితే, రెండో వడ్డన కాకముందే చెయ్యి కడుక్కుని బయల్దేరాను. ఆ అక్క ఈనాటికీ నాకు మొదటి వడ్డన మాత్రమే పెడుతుంది.

"నగలొద్దు, ఊళ్లు తిప్పొద్దు," అంది మా ఆవిడ ఆరు వారాల కిందట. "ఒక్కసారి నా ఎదురుగా చివరి ముద్ద దాకా కూర్చోండి. మీరు కట్టిన ఆ పొయ్యి ముందే కూర్చుందాం. దాన్ని వదిలేసి ఇంకే పొయ్యి దగ్గరికి పోతారో చూస్తాను."

"ఎక్కడికీ పోను."

"ఇది ఏడోసారి. తర్వాత ఇంక అడగను."

ఆమె మాట పెంచలేదు. కొలత తీసుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది, తలెత్తకుండా.

బుకింగు యాప్‌లో నా నంబరు కొట్టాను. 'మీరు ఇప్పటికే మా కుటుంబంలో ఉన్నారు' అని వచ్చింది. సంతోషించాను. కింద చిన్న అక్షరాల్లో 'మరమ్మతుల విభాగం' అని ఉంది. ఒక నంబరుకు ఒకటే జన్మ అట. పొయ్యి బాగుచేసేవాడిగా నమోదైనవాడు పిజ్జా తినేవాడిగా నమోదు కాకూడదు. అలా కలిసిపోతే సమాజం ఎటు పోతుందో వాళ్లు ఆలోచించే ఉంటారు. అందుకని మా ఆవిడ నంబరు మీద చేశాం. ఆమె అతిథి. నేను 'అతిథికి తోడు'.

ఆ బుకింగు పత్రంలో పందొమ్మిది గడులున్నాయి. ఆహారంతో మీ తొలి జ్ఞాపకం. పిండితో మీ సంబంధం (సాధారణం, సంక్లిష్టం, విడిపోయాం). పొయ్యి కనిపించే టేబుల్ కావాలంటే ఎందుకు కావాలో యాభై మాటలు మించకుండా. చివర్లో 'సందర్భం' అని ఒక గడి: పుట్టినరోజు, పెళ్లిరోజు, ప్రమోషన్, రాజీ, ఇతరాలు. మా ఆవిడ 'ఇతరాలు' నొక్కింది. వివరించమంటే ఇలా రాసింది: 'మా ఆయన కూర్చోవడం'.

ఆమోదం వచ్చింది.

ఆదివారం పన్నెండున్నరకు మా వేళ. తెల్ల చొక్కా వేసుకున్నాను, బూట్లకు పాలిష్ కొట్టాను, గోళ్లలో మట్టి పుల్లతో తీసుకున్నాను. తలుపు దగ్గర ట్యాబ్లెట్ పట్టుకుని ఒక అధికారిణి ఉంది. చొక్కాకున్న బిళ్ల మీద 'ప్రవేశ భావోద్వేగాల అధికారి' అని ఉంది. బుకింగు చూసి, లోపల కూర్చుని ఎదురుచూడమంది.

"బుకింగు ఉంది కదమ్మా," అన్నాను.

"ఉంది కాబట్టే లోపల కూర్చోమంటున్నాను సర్. లేనివాళ్లు బయట ఎండలో ఉన్నారు, చూడండి."

చూశాను. వాళ్లు మమ్మల్ని చూస్తున్నారు. లోపల కూర్చుని ఎదురుచూస్తున్న మనిషిని బయట నిలబడి ఎదురుచూస్తున్న మనిషి ఎలా చూస్తాడో నాకు మొదటిసారి అవతలి వైపు నుంచి తెలిసింది. అబద్ధం ఎందుకు, బాగానే ఉంది.

అరగంట తర్వాత ఆ అధికారిణి మా ఆవిడ చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టింది, అతిథి అని. నా చేతికి బూడిదరంగుది, తోడు అని. తర్వాత నియమాలు చదివి వినిపించింది. పరిచయం పూర్తి కానిదే వంటకాన్ని ముట్టుకోకూడదు. వంటగది గురించి ఏం చెప్పాలన్నా 'అతిథి సూచన' పత్రంలోనే రాయాలి. ఏ కుర్చీ అయినా ఏడు నిమిషాలు ఖాళీగా ఉంటే, ఆ కుర్చీకి అవసరం లేదని భావించి వెనక్కి తీసుకుంటారు.

"మనిషి వెనక్కొస్తే?" అంది మా ఆవిడ.

"కుర్చీ లేకుండా రావచ్చు మేడమ్."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

నాలుగో నంబరు టేబుల్. ఎదురుగా గాజు గోడ, గాజు అవతల నా పొయ్యి. రెండేళ్లలో చక్కగా రంగు తిరిగింది. కమాను ఎక్కడా చీలలేదు. గుమ్మటం కింద నిప్పు ఎడమ పక్కకు నెట్టి ఉంది, సరిగ్గా నేను చెప్పినట్టే. పొయ్యి చెఫ్‌కు గడ్డం ఉంటుంది కాబట్టి నేను వాణ్ణి గడ్డం అనే పిలిచేవాణ్ణి. కట్టే రోజుల్లో రోజూ టీ తెచ్చిచ్చేవాడు. చెయ్యి ఊపాను. చూసి కూడా చూడనట్టు తల తిప్పుకున్నాడు.

అప్పుడు సర్వర్ వచ్చాడు. సర్వర్ అనకూడదు, 'కథకుడు'. చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, పాఠం మొదలుపెట్టాడు.

"మేడమ్, సర్, ఈ పొయ్యి వెనక ఒక ప్రయాణం ఉంది. దీన్ని ఏడు తరాలుగా పొయ్యిలు కట్టే వంశంలోని ఒక ఇటాలియన్ మహాశిల్పి కట్టాడు. అగ్నిపర్వతం పక్కన దొరికే ఇటుకలు ఓడలో తెప్పించాడు. చివరి ఇటుక పెడుతూ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు."

కన్నీళ్ల మాట నిజం. వేలి మీద సుత్తి పడింది.

మా ఆవిడ చాలా శ్రద్ధగా విని, "ఆయన ఎలా ఉండేవాడు బాబూ?" అంది.

"పొడవుగా ఉండేవారట మేడమ్. నీలి కళ్లు."

ఆమె నా మొహం కాసేపు పరిశీలించింది. "నీలి కళ్లా," అంది. "ఇరవై నాలుగేళ్లు. నేనసలు గమనించనే లేదు చూడండి."

"ఆ శిల్పిని నేనే బాబూ," అన్నాను.

కథకుడు నా చేతి పట్టీ చూశాడు. బూడిదరంగు. "చాలా మంది తోడులు అలా ఫీలవుతారు సర్," అన్నాడు మర్యాదగా. "పొయ్యితో ఒక అనుబంధం వచ్చేస్తుంది."

వంటకాలు వచ్చాయి. గ్లాసులో నిలబెట్టిన కరకరలాడే రొట్టెపుల్లలు. సుషీలాగా చుట్టిన పిజ్జా నాలుగు ముక్కలు. టాకోలాగా మడిచిన లసాన్యా ఒకటి. ఒక పెద్ద గిన్నె మధ్యలో, పిల్లి కునుకు తీసినట్టు, కొంచెం పాస్తా. ఒక్కోదాని పరిచయం అయ్యేసరికి అది చల్లారింది. చల్లారడం గురించి అడిగితే, 'విశ్రాంతి తీసుకుంది' అన్నాడు.

అయినా ఏం, ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మా ఆవిడ కొట్టులోకి వచ్చిన ఒకాయన సంగతి చెప్పింది. నడుం కొలత ముప్పై రెండేనని పట్టుబట్టి, టేపు తప్పు చూపిస్తోందని కొత్త టేపు కొని తెచ్చాడట. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తన పళ్లెంలోంచి ఒక ముక్క నా పళ్లెంలో వేసింది. (అతిథి తోడుకు వడ్డించడం నిషేధమో కాదో తెలియక ఇద్దరం ఒకసారి అటూ ఇటూ చూసుకున్నాం.) పన్నెండు నిమిషాలు కూర్చున్నాను. నాకు వాచీ చూసే అలవాటు లేదు. ఆమె తర్వాత చెప్పింది.

పదమూడో నిమిషంలో పొగ కనిపించింది.

హాల్లో ఇంకెవరికీ కనిపించలేదు. కమాను అంచున ఒక సన్నటి నాలుకలాగా బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్లింది. మళ్లీ వచ్చింది. ఈసారి వెళ్లలేదు. నేను ఫోర్కు కింద పెట్టాను.

"చూడొద్దు," అంది మా ఆవిడ.

"చూడ్డం లేదు."

"ముక్కుతో చూస్తున్నారు."

ఐదు నిమిషాల్లో గాజు వెనక గడ్డం దగ్గడం మొదలుపెట్టాడు. ఇంకో రెండు నిమిషాలకు పొగ గాజు పైనుంచి మా మీదికి వచ్చింది. కథకుడు పక్క టేబుల్ వాళ్లకు, "ఇది పొగ పరిచయం సర్, కాంప్లిమెంటరీ," అని చెబుతున్నాడు. అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. మరమ్మతుల యాప్. 'అత్యవసరం: పొయ్యి పొగ. స్థలం: మీకు పదకొండు మీటర్ల దూరం. పది నిమిషాల్లో అంగీకరించండి.'

ఆ యాప్ గురించి కొంచెం చెప్పాలి. మూడుసార్లు కాదంటే జాబితాలోంచి పేరు తీసేస్తారు. నేను అప్పటికే రెండుసార్లు కాదన్నాను. ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరం. రెండోసారి మా అమ్మ పోయిన రోజు. రెంటికీ అందులో ఉన్న కారణం ఒక్కటే: 'ఆసక్తి లేదు'. అదే నొక్కాను. నా తర్వాత వరుసలో ఉన్నవాడు గీజర్లు బిగించేవాడు. వాడు వస్తే గుమ్మటానికి సిమెంటు పూస్తాడు.

"బాబూ," అని కథకుణ్ణి పిలిచాను. "ఆ గడ్డం చెఫ్‌ను ఒక్కసారి పిలువు. ఒక్క మాట చెబుతాను, పొగ ఆగిపోతుంది."

"వంటగదికి సంబంధించిన మాటలు అతిథి సూచనలో రాయాలి సర్."

"రాస్తాను, ఇవ్వు."

"మీరు తోడు సర్. తోడుకు సూచన ఉండదు."

మా ఆవిడ తన ఫోన్ తీసింది. "నాకుంటుందిగా. ఏ ఇటుక తీయాలో చెప్పండి, నేను రాస్తాను. వాళ్లే తీసుకుంటారు. మీరు కూర్చోండి."

ఇరవై నాలుగేళ్లుగా ఆమెకు వట్టి ఇటుక సంగతి తెలుసు. ఏ ఇటుకో మాత్రం తెలియదు. ఎప్పుడూ అడగలేదు కూడా.

"అది చెప్తే అర్థం కాదు," అన్నాను.

(చెప్తే అర్థమవుతుంది. ఎడమ నుంచి మూడోది.)

"చెప్పి చూడండి."

"చెయ్యి పెడితే గానీ తెలీదే. పావుగంట. నువ్వు తింటూ ఉండు, ఇట్టే వచ్చేస్తాను."

ఆమె ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టింది. "ఆరుసార్లూ పావుగంటే," అంది.  నేను 'అంగీకరిస్తున్నాను' నొక్కి లేచాను. నా కింద కుర్చీ కీచుమని చిన్న శబ్దం చేసింది. ఏడు నిమిషాల లెక్క మొదలైందన్నమాట.

పొయ్యికి నేను పదకొండు మీటర్ల దూరంలో ఉన్నాను. మధ్యలో ఒక తలుపు. ప్రవేశ భావోద్వేగాల అధికారిణి దానికి అడ్డంగా నిలబడింది.

"పనివాళ్లు వెనక గేటు నుంచి రావాలి సర్."

"నేను లోపలే ఉన్నానుగా తల్లీ."

"తోడుగా ఉన్నారు. పనివాడుగా ఇంకా రాలేదు."

కాబట్టి బయటికెళ్లాను, రావడానికి. ఎండలో నిలబడ్డవాళ్లు నన్ను చూసి, ఒక టేబుల్ ఖాళీ అయిందేమోనని ఒకడుగు ముందుకేశారు. భవనం చుట్టూ తిరిగి, చెత్తడబ్బాలు దాటి, వెనక గేటు చేరాను. అక్కడ వాచ్‌మన్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాడు. కట్టే రోజుల్లో నన్ను రోజూ చూసినవాడే.

"ఏంటి మేస్త్రీ, పెళ్లికొడుకులా తయారై వచ్చావు."

"లోపల భోజనానికి వచ్చాను."

"మరి ముందు గేటు ఉందిగా."

"అక్కణ్ణుంచే వస్తున్నా. పొగ పట్టుకుంది."

"వచ్చిన పని ఏం రాయను? భోజనమా, పొగా?"

"పొగ."

రాశాడు. హెల్మెట్ ఇచ్చాడు, నారింజరంగు జాకెట్ ఇచ్చాడు. తెల్ల చొక్కా మీద తొడుక్కున్నాను. వాడు నా చేతిలోకి చూశాడు. కొరికిన రొట్టెపుల్ల ఒకటి నా చేతిలో ఉండిపోయిందని అప్పటిదాకా నాకే తెలియదు.

"బయటి తిండి లోపలికి తీసుకెళ్లకూడదు మేస్త్రీ."

"ఇది లోపలిదేరా నాయనా."

"ఇప్పుడు బయటుందిగా."

రొట్టెపుల్లను ఒక కవరులో వేసి, చీటీ అంటించి, టోకెన్ నంబరు తొమ్మిది నా చేతిలో పెట్టాడు.

వంటగదిలో గడ్డం కళ్లు ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. "రా మేస్త్రీ రా. నువ్వు నాలుగో టేబుల్లో కూర్చున్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నా. ఎలాగైనా పిలుద్దామనుకున్నా. చెఫ్‌లు అతిథులతో మాట్లాడకూడదు."

"నేను అతిథిని కాదు, తోడును."

"వాళ్లతో అసలే కూడదు." తర్వాత గొంతు తగ్గించి, "ఇందాక చెయ్యి ఊపావు. ఏమీ అనుకోకు," అన్నాడు.

నిప్పును వెనక్కి నెట్టించాను. చేతికి తోలు తొడుగు వేసుకుని, కమాను ముందు స్టూలెక్కాను. నా వీపు అడ్డంగా పెట్టి, ఏ ఇటుక తీస్తున్నానో గడ్డానికి కనిపించకుండా లాగాను. ఇది మామ నేర్పిన పద్ధతి. మేస్త్రీ వీపు వంటవాడి వైపు ఉండాలి. మామ కాలంలో గాజు గోడలు లేవు.

మసి కుప్పగా దిగింది. గొట్టం గట్టిగా ఒక ఊపిరి పీల్చుకుంది. పొగ మొహం తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు ఈనాటికీ ఒళ్లు పులకరిస్తుంది. నాకు తెలిసిన సుఖాల్లో అదొకటి. (సరే, లేచి రావడానికి యాప్ ఒక్కటే కారణం కాదు. రాసుకోండి.)

గాజు అవతల జనం ఫోన్లు ఎత్తారు. "ఇది మా ప్రత్యక్ష ప్రదర్శన," అంటున్నాడు కథకుడు. "మహాశిల్పి సంప్రదాయంలో శిక్షణ పొందిన సహాయకుడు." అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కొట్టలేదు. కానీ నన్నే చూస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను పని చేస్తుండగా ఆమె చూడటం అదే మొదలు. ఫోర్కు పైకెత్తి, గాలిలో మూడుసార్లు ఆడించింది. ఒకటి, రెండు, మూడు. నన్ను పలకరిస్తోందనుకుని మసి చెయ్యి ఎత్తి ఊపాను. గుండెలో ఏదో కదిలింది కూడా.

ఇటుక తిరిగి పెట్టేసి స్టూలు దిగేసరికి, ఇద్దరు మనుషులు వచ్చి నా కుర్చీ ఎత్తుకుపోతున్నారు.

వెంటనే వెళదామంటే ముందు యాప్‌లో పొగ ఫిర్యాదు మూసేయాలి. ఫిర్యాదు మూయాలంటే పొయ్యి ఫొటో, నా ఫొటో, మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో పంపాలి. గడ్డం తీశాడు. మొదటిదాంట్లో నేను కళ్లు మూశానని యాప్ ఒప్పుకోలేదు. రెండోదాంట్లో పొయ్యి కళ్లు మూసిందంది. అది అలా తిరస్కరిస్తూ ఉండగా, హాల్లో దీపాలు తగ్గించారు.

ఎనిమిది మంది సిబ్బంది వరుసగా నాలుగో టేబుల్ దగ్గరికి నడిచారు. ముందు కథకుడు, చేతిలో పళ్లెం. పళ్లెంలో తిరమిసు అనే ఇటాలియన్ తీపి, దానికి గుచ్చిన ఒక కొవ్వొత్తి. పళ్లెం అంచు చుట్టూ చాక్లెట్‌తో రాసిన అక్షరాలు గాజు ఇవతలి నుంచి నాకు చక్కగా కనిపించాయి. ఏడో తరగతి చదువుకు అవి చాలు.

'మీ ఆయన కూర్చున్నందుకు అభినందనలు.'

ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు. కుర్చీ ఉండాల్సిన చోట నేల మీద నాలుగు చిన్న గీతలున్నాయి. వాళ్లు వాటి వైపు తిరిగి నవ్వారు. మా ఆవిడ కొవ్వొత్తి ఊదింది. "థాంక్స్ బాబూ," అన్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత చెంచా తీసుకుని, ఒక్క ముద్ద కూడా మిగల్చకుండా, నిదానంగా, చివరిదాకా తిన్నది.

నా ఫిర్యాదు ఇంకా మూతపడలేదు. పొగ వల్ల ఇబ్బంది పడిన అతి దగ్గరి అతిథి అభిప్రాయం రాయాలట. అతి దగ్గరి అతిథి నాలుగో టేబుల్. కథకుడు ట్యాబ్లెట్ తీసుకెళ్లి మా ఆవిడ ముందు పెట్టడం చూశాను. ఆమె ట్యాబ్లెట్‌ను సూది దారం ఎక్కించేటంత శ్రద్ధగా దగ్గరికి పెట్టుకుని, చాలాసేపు రాసింది.

నేను వెనక గేటు దగ్గర జాకెట్, హెల్మెట్ అప్పగించి, టోకెన్ ఇచ్చి నా రొట్టెపుల్ల తీసుకుంటున్నప్పుడు, ఆమె భవనం చుట్టూ తిరిగి వచ్చింది. కొంగు భుజం మీదుగా కప్పుకుని ఉంది.

"అయిందా మీ పావుగంట?"

"అయింది. చూశావుగా, ఎలా పీల్చిందో."

"చూశాను. బాగా చేశారు," అంది. ఎత్తిపొడుపు ఏమీ లేదు. దానికే నాకు భయమేసింది.

"తిరమిసు ఎలా ఉంది?"

"విశ్రాంతి తీసుకుంది."

వాచ్‌మన్ కుర్చీ తెచ్చి వేశాడు, మర్యాదగా. ఆమె కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. అప్పుడు నా ఫోన్ మోగింది. ఫిర్యాదు మూతపడింది. కింద అతిథి అభిప్రాయం అతికించి ఉంది.

'పనితనం: ఐదుకు ఐదు. మర్యాద: ఐదుకు ఐదు. సూచన: పొగ వస్తే కమాను పైన వరుసలో ఎడమ నుంచి మూడో ఇటుక లాగి మసి తీయాలి. మట్టి పెట్టలేదు, వట్టిగా ఉంది. టేబుల్ దగ్గరి నుంచి స్పష్టంగా కనిపించింది. దీనికోసం ఆయన్ని భోజనం మధ్యలో లేపనక్కర్లేదు.'

రెండుసార్లు చదివాను. ఆమె తన గోళ్లు చూసుకుంటోంది.

"ఫోర్కుతో లెక్కపెట్టావా," అన్నాను.

"కొలత తీసుకోవడం నా పనేగా."

"మామ నలభై ఏళ్లు దాచాడే దాన్ని."

"మామయ్యగారి భార్య కూడా నలభై ఏళ్లు ఒక్కతే తిన్నది," అంది.

వాచ్‌మన్ రిజిస్టర్లో తల దూర్చాడు. ఆ మధ్యాహ్నం అంతటిలో ఎవరైనా నాకు చేసిన ఉపకారం అదొక్కటే.

ఫోన్ మళ్లీ మోగింది. 'అతిథి సూచన ఆమోదం పొందింది. పొయ్యి పొగకు ఇకపై సిబ్బందే పరిష్కారం చేస్తారు. మీ పేరు మేస్త్రీల జాబితా నుంచి తొలగించబడింది. కారణం: ఆసక్తి లేదు. ఇప్పుడు మీరు అతిథిగా నమోదు చేసుకోవచ్చు.' వెంటనే నమోదు చేసుకున్నాను, ఆమె చూస్తుండగానే. పందొమ్మిది గడులూ నింపాను. సందర్భం గడిలో 'ఇతరాలు' నొక్కి, 'కూర్చోవడం' అని రాశాను. ఫోన్ ఆమెకు చూపించాను.

"మంచిదే," అంది. ఆమె ఫోన్ కూడా మోగింది. విలువైన సూచన ఇచ్చినందుకు, వచ్చే ఆదివారం అదే వేళకు, అదే నాలుగో టేబుల్ ఆమెకు బహుమతి. ఎదురుచూపు లేదు. తోడు పేరు రాయమని అడుగుతోంది.

నేను చొక్కా సర్దుకున్నాను. ఆమె వేలు తెర మీద కాసేపు ఆగింది, తర్వాత కదిలింది. వాళ్ల అక్క పేరు రాసింది.

"అక్క కదలదు," అంది. "ఒకసారి కూర్చుందంటే లేపడం కష్టం."

నేను నా ఫోన్ చూసుకున్నాను. అతిథుల ఎదురుచూపు జాబితాలో నా వరుస సంఖ్య నాలుగు వందల పన్నెండు.